పప్పు ఉడికే నీళ్లు

2011 అక్టోబరు 9, ఆదివారం, ఉదయం తొమ్మిది గంటల పది నిమిషాలు. సిద్దిపేటలో కరీంనగర్ రోడ్డు మీద పెట్టిన వంటావార్పు పొయ్యి దగ్గర ఖుతుబుద్దీన్ గంజులోంచి ఒక శనగపప్పు బద్ద తీసి రెండు వేళ్ల మధ్య నొక్కాడు. బద్ద నలగలేదు. పొయ్యి వెలిగించి రెండున్నర గంటలైంది.

ప్రత్యేక రాష్ట్రం కోసం జరుగుతున్న సమ్మెకు అది ఇరవై ఏడో రోజు. ఆఫీసులకు తాళాలు, బడులకు తాళాలు. బస్సులు డిపో దాటి రావడం లేదు. బొగ్గు గనుల్లో పని ఆగింది కాబట్టి కరెంటు ఎప్పుడు వస్తుందో, ఎంతసేపు ఉంటుందో తెలియదు. పంపులు నడవక తొమ్మిది రోజులుగా వీధి నల్లాల్లో మానేరు నీళ్లు రాలేదు. వీధి వాళ్లంతా రోడ్డు మీదే వండి, ఎనిమిది వందల మందికి అక్కడే వడ్డించాలని పోయిన వారం సమ్మె కమిటీలో అనుకున్నారు. బగారన్నం పక్క వీధి వాళ్ల వంతు. దాని మీదికి శనగపప్పు, సొరకాయల దాల్చా ఖుతుబుద్దీన్ వంతు. నలభై ఏళ్లుగా పెళ్లిళ్లకు వండుతున్న మనిషి. వయసు అరవై ఒకటి. "ముసలాయనతోని అయితదా?" అని పక్క వీధి వంట మాస్టర్ అడిగితే అతను లేచి నిలబడి, "ఒంటిగంటకు మీ అన్నం మీదికి నా దాల్చా రాకుంటే ఇగ ఏ పెండ్లిల గరిటె ముట్ట" అని అందరి ముందు మాట ఇచ్చాడు.

నీళ్లు నేను పంపుతానన్నది కమిటీ పెద్ద కాశీనాథం. కిరాణా దుకాణం, దాని వెనక డబ్బా నీళ్ల ప్లాంటు ఆయనవి. "పప్పుకు నీళ్లు గావాలె కాశన్నా" అని ఖుతుబుద్దీన్ అడిగితే "పంపుత తీ" అన్నాడు. తెల్లవారుజామున ట్రాక్టరు మీద వెయ్యి లీటర్ల ట్యాంకు వచ్చింది.

"ఏంది మాస్టరూ, ఉడుకుతుందా? లేకుంటే పోరగాండ్లకిస్తే గోటీలన్న ఆడుకుంటరు" అంది నర్సమ్మ. ఆమె బీడీలు చుడుతుంది. ఆ రోజు పది మంది ఆడవాళ్లను కూర్చోబెట్టుకుని సొరకాయలు కోయిస్తోంది.

"మంట సాలలేదు."

"మంటనా? గీ మంటకు రోడ్డు మీది డాంబరు కరిగింది. నీ పప్పు కరగలె."

ఆడవాళ్లు నవ్వారు. ఖుతుబుద్దీన్ నవ్వలేదు. పప్పు మొత్తం ముప్పై కిలోలు. పది కిలోలు పొయ్యి మీద ఉంది. ఇరవై కిలోలు రెండు గంజుల్లో నానుతోంది.

"ఒక గుప్పెడు సోడ ఎయ్యరాదు?" అని నర్సమ్మ మళ్లీ అంది.

"సోడ ఏస్తే పప్పు ఉడకది నర్సమ్మా, సస్తది. తిన్నోనికి సబ్బు నాకినట్టుంటది. నలభై ఏండ్ల సంది ఎయ్యలె. ఇయ్యాల రోడ్డు మీద నిలవడి ఎయ్యాల్నా?"

అతను ట్యాంకు దగ్గరికి వెళ్లాడు. కుళాయి తిప్పి, దోసిట్లో పట్టి ఒక గుక్క నోట్లో పోసుకున్నాడు. నాలుక మీద ఆడించి ఉమ్మేశాడు. బలపం నాకినట్టు ఉంది. బోరు నీళ్లు.

తొమ్మిది రోజులుగా ఇళ్లలో వాడుతున్నవి ఇలాంటి నీళ్లే. గ్లాసులు కడిగి బోర్లిస్తే ఆరేసరికి తెల్లని మచ్చలు. సబ్బు ఎంత రుద్దినా నురగ రాదు. నీళ్లు కాచే రాడ్డు మీద సున్నం పెంకు కడితే అతని భార్య షమ్షున్నీసా రోకలితో కొట్టి రాల్చింది. ఉతికి ఆరేసిన లుంగీ దండెం మీంచి తీస్తే అట్టలా నిలబడింది. దువ్వెనలో వెంట్రుకలు చూపించి ఆడవాళ్లు, చాయ్ మీద తెట్టు చూపించి మగవాళ్లు కాలక్షేపం చేస్తున్నారు. కొన్న డబ్బా నీళ్లు తాగడానికే సరి. ఆ వీధిలో వారం నుంచి ఎవరింట్లోనూ పప్పు వండలేదు.

ఇవన్నీ తెలిసిన ఖుతుబుద్దీన్, పప్పు నానబెట్టే ముందు ట్యాంకు నీళ్లు రుచి చూడలేదు. ఆ ఆలోచనే రాలేదు. కాశీనాథం ఇంటి నుంచి పప్పుకని వచ్చిన నీళ్లను ఆ వీధిలో ఎవరూ రుచి చూసి తీసుకోరు. అలా చూస్తే బాలవ్వను అనుమానించినట్టు.

బాలవ్వ కాశీనాథం తల్లి. చనిపోయి ఏడేళ్లైంది.

ఆ ఇంటి పెరట్లో బావి ఉండేది. తొమ్మిది గజాల లోతు. చుట్టూ ఎన్ని బావులు తవ్వినా ఉప్పు నీళ్లే పడ్డాయి. దానిలో మాత్రం మంచినీళ్లు పడ్డాయి. కారణం ఎవరికీ తెలియదు. వీధిలో అరవై ఇళ్లు. అన్ని అవసరాలకూ ఒక బావి చాలదు కాబట్టి బాలవ్వ ఒక పద్ధతి పెట్టింది. ఇంటికి రోజుకు ఒక బిందె. అది పప్పుకు, చాయ్‌కి. స్నానాలకు, బట్టలకు బోరింగు కొట్టుకోవాల్సిందే. ఆ బిందెను అందరూ పప్పుబిందె అనేవాళ్లు. ప్రతి ఇంట్లో దానికి వేరే మూల ఉండేది, మీద మూత ఉండేది. పిల్లలు అందులో గ్లాసు ముంచితే దెబ్బలు పడేవి. కొత్త కోడలు వచ్చిన ఇంట్లో మొదట చూపించేది ఆ బిందెనే.

తెల్లవారి అయిదింటికి బాలవ్వ గిరక దగ్గర నిలబడేది. తాడు ఎవరినీ ముట్టనిచ్చేది కాదు. ఖుతుబుద్దీన్ వాళ్లను ముట్టనిచ్చేది కాదు, నర్సమ్మ వాళ్లను అసలే ముట్టనిచ్చేది కాదు. తానే చేది, పైనుంచి బిందెల్లో పోసేది. అలాగని ఒక్క రోజు కూడా ఎవరి బిందెనూ ఖాళీగా పంపలేదు. పెళ్లి వంట ఉందంటే ఖుతుబుద్దీన్‌కు పది బిందెలు. "ఎవరి పెండ్లిరా?" అని అడిగేది. "ఫలానా వాళ్లది పెద్దమ్మా" అంటే "అయితే ఇంకో రెండు వట్టుకపో, వాళ్లకు సుట్టాలెక్కువ" అనేది.

ఆ నీళ్లలో పప్పు గంటలో మెత్తబడేది. గరిటె వెనక వైపుతో ఒకసారి అదిమితే చాలు. దుబ్బాకలో, కోహెడలో పెళ్లిళ్లకు పోయినా ఖుతుబుద్దీన్ ఎడ్లబండి మీద ఆ నీళ్లు వెంట తీసుకుపోయేవాడు. ఆ నీళ్లే తన చేతి రుచి అని అతను ఎవరికీ చెప్పలేదు. షమ్షున్నీసాకు మాత్రం తెలుసు.

తర్వాత ఇంటింటికీ మానేరు నల్లాలు వచ్చాయి. ఆ తర్వాత కరువు. బావి ఎండిందని, పూడ్చేశానని కాశీనాథం చెప్పాడు. ఆ ఏడు బావులన్నీ ఎండాయి కాబట్టి ఎవరూ మారు అడగలేదు. ఇది ఎనిమిదేళ్ల కిందటి మాట. ఆ జాగాలో అయిదేళ్ల కింద షెడ్డు లేచింది. 'మిషనుతో శుద్ధి చేసిన నీరు' అని బోర్డు పెట్టి కాశీనాథం డబ్బాలు అమ్మడం మొదలుపెట్టాడు. మిషనులోంచి వచ్చేవి చచ్చిన నీళ్లని, తన నోట్లో ఒక్క చుక్క పోయనని ఖుతుబుద్దీన్ ఆ రోజే ఒట్టు పెట్టుకున్నాడు. అయిదేళ్లుగా ఒట్టు తప్పలేదు.

"గిది తాగు. మొఖం జూసుకున్నవా, గంజు కన్న నల్లగైంది" అని నర్సమ్మ స్టీలు గ్లాసు అందించింది.

అతను గటగటా సగం తాగి ఆగాడు. గ్లాసులోకి చూశాడు. మిగిలింది కొంచెం కొంచెంగా, చాయ్ తాగినట్టు తాగాడు.

"నర్సమ్మా, గీ నీళ్లు యాడియి?"

"అరే, తాగినంక అడుగుతవేంది? సేటు డబ్బ నీళ్లే. చెప్తే తాగవని చెప్పలె. నీ ఒట్టు గీ ఒక్క పూట పక్కకు వెట్టు."

"ఇంకో గ్లాసు ఇయ్యి."

"అమ్మో!" అంది నర్సమ్మ.

రెండో గ్లాసు కూడా తాగాడు. నోరు తుడుచుకోలేదు. నాలుకను అంగిలికి ఆనించి కాసేపు అలాగే నిలబడ్డాడు. ఎదురుగా కరెంటు స్తంభం ఉంది. దాని మీది లైటు నిన్నటి నుంచి వెలగలేదు.

"కరెంటెప్పుడు పోయింది?"

"నిన్న పొద్దుగూకంగ పోయింది. ఇంక రాలె."

"మరి డబ్బలు?"

"పొద్దుగాల ఏడింటికి తెచ్చి ఏసిపోయిండు. రోజు వస్తనే ఉన్నయి గద."

"కరెంటు లేంది మిషనెట్ల నడిసింది?"

నర్సమ్మ చేతిలో సొరకాయ ముక్క పట్టుకుని అతని వైపు చూసింది. "గది సేటునే అడుగు. నువ్వు ముందుగాల పప్పు సంగతి జూడు, తొమ్మిదిన్నరైంది."

అతను మంట తగ్గించమని చెప్పి, భుజం మీది తువ్వాలతో చేతులు తుడుచుకుని బయల్దేరాడు.

కాశీనాథం ఇల్లు రెండు వందల అడుగుల దూరం. దుకాణం షట్టరు సగానికి దించి ఉంది. వాకిట్లో కాశీనాథం భార్య కాంతమ్మ తడిబట్టలు పిండుతోంది.

"పప్పయ్యిందా భాయ్?"

"కాలె వదినె. అన్న యాడున్నడు?"

ఆమె షెడ్డు వైపు తల తిప్పింది.

షెడ్డులో కాశీనాథం డబ్బాలకు మూతలు పెడుతున్నాడు. మిషను గోడకు ఉంది. దాని మీద దుప్పటి కప్పి ఉంది. ఖుతుబుద్దీన్‌ను చూడగానే ఆయన చేతులు వెనక్కి పెట్టుకున్నాడు.

"ఏంది ఖుతుబూ, పొయ్యి ఇడ్సిపెట్టి వచ్చినవ్?"

"పప్పు ఉడుకుత లేదు కాశన్నా. నువ్వు బోరు నీళ్లు పంపినవ్."

"ఉన్నయే గవి. సమ్మెల ఏం జేస్త?"

"నీ చెయ్యి సూపియ్యి."

"నా చెయ్యెందుకు?"

"సూపియ్యన్నా."

కాశీనాథం చెయ్యి ముందుకు తెచ్చాడు. అరచేతిలో రెండు గీతల మేర తోలు లేచి ఉంది. పసుపు రాసి ఉంది. తక్కెడ పట్టే చెయ్యి అది. అరవై అయిదేళ్ల వయసులో అలాంటి గాయం దేనితో అవుతుందో ఖుతుబుద్దీన్‌కు తెలుసు. చిన్నప్పుడు, బోరింగులు రాని రోజుల్లో, వాళ్ల నాయిన మసీదు బావిలో చేదేవాడు. ఆయన చేతులూ ఇలాగే ఉండేవి.

"బాయి ఎండలె" అన్నాడు ఖుతుబుద్దీన్.

కాశీనాథం ఖాళీ డబ్బా మీద కూర్చున్నాడు.

"ఎవలు చెప్పిన్రు?"

"నీ డబ్బ నీళ్లు తాగిన. అయిదేండ్లకు."

"నువ్వు తాగవని ధైర్యముండె నాకు" అన్నాడు కాశీనాథం. "తక్కినోళ్లందరు తాగిన్రు. ఒక్కరు గుర్తు పట్టలె. మిషను నీళ్లు మస్తు తియ్యగున్నయి సేటూ అన్నరు. నువ్వొక్కనివి తాగితె పట్టుకుంటవని నాకెర్కనే."

"ఎందుకన్నా గీ పని? బాలవ్వ పెద్దమ్మ బాయి. పూడ్సిన అన్నవ్. ఎనిమిదేండ్లు. కరువుల మేమెంత గోస పడ్డం?"

"కరువుల ఎండింది నిజం. ఏడాదికి మళ్ల ఊరింది. ఎవలికి చెప్పాలె?" కాశీనాథం గొంతు పెంచలేదు. "నల్లాలు వచ్చిన తెల్లారి సంగతి నీకు యాదున్నదా?"

ఖుతుబుద్దీన్ తువ్వాల భుజం మార్చుకున్నాడు.

"మా అవ్వ ఎప్పటి లెక్క అయిదింటికి తాడు పట్టుకొని నిలవడ్డది. ఆరైంది. ఏడైంది. అరవై ఇండ్లల్ల ఒక్క బిందె రాలె. ఖుతుబు గూడ రాలేదురా, పిల్లలకు పానం బాగలేదో ఏందో సూసిరా అని నన్ను తోలింది. మీ ఇంటికి వచ్చిన. నువ్వు వాకిట్ల నల్లా ఇప్పి సుట్టాలకు సూపెడుతున్నవ్. ఏమన్నవో చెప్పాల్నా?"

చెప్పనక్కర్లేదు. అతనికి గుర్తుంది. నల్లా వచ్చింది గద కాశన్నా, ఇంక పెద్దమ్మకు పని తప్పింది అన్నాడు. నవ్వుతూ అన్నాడు. ఆ రోజు అందరూ నవ్వుతూనే ఉన్నారు.

"గా మాట మా అవ్వకు చెప్పలె. పానం బాగలేదట అని చెప్పిన" అన్నాడు కాశీనాథం. "రెండు నెలలు రోజు నిలవడ్డది. ఆఖరుకు తాడు తీసి మడిచి పెట్టెల పెట్టింది. తర్వాత బాయి ఎండింది. అది మళ్ల ఊరంగ సూసింది గని తాడు మాత్రం తియ్యలె. గట్లనే పోయింది."

కాంతమ్మ వచ్చి గుమ్మంలో నిలబడింది. చేతుల నుంచి నీళ్లు కారుతున్నాయి.

"ఆమె పోయినంక ఊకనే పోస్త వట్టుకపోండ్రి అని ఇద్దరు ముగ్గురితోని అన్న. బాయి నీళ్లా, పురుగులుంటయి అన్నరు. సరే అని మిషను తెచ్చి బోర్డు పెట్టిన. వరుస కట్టిన్రు. మిషను రెండు నెలలు నడిపిన. సగం నీళ్లు మోరీల పారవోస్తది, మిగిలిన సగానికి రుచి లేదు. పైపు తప్పిచ్చిన. బాయి నీళ్లే పోస్తున్న. ఏడాదికోసారి పరీక్షకు పంపుత, కాయితం ఉన్నది సూస్కో. నేను మోసం జేసిన్నంటే జేసిన. మంచియి ఇచ్చి మోసం జేసిన."

"తొమ్మిది రోజుల సంది?"

"కరెంటు నిలకడ లేక మోటరు నడుస్త లేదు. నేను, ఇది కలిసి చేదుతున్నం. మూడింటికి లేస్తున్నం. డబ్బలు ఆగితె ఎందుకు ఆగినయంటరు. ఆగకుంటె ఎట్ల నడుస్తున్నయని నువ్వొక్కనివే అడిగినవ్."

బయట రోడ్డు మీద మైకులో ఎవరో మాట్లాడటం మొదలుపెట్టారు. తొమ్మిదీ నలభై అయిదు.

"నాకు పది డబ్బలు గావాలె అన్నా" అన్నాడు ఖుతుబుద్దీన్. "ఒంటిగంటకు పప్పు గాకుంటె నా మాట పోతది."

"ఇస్తె నా బతుకు పోతది. కమిటీ పెద్ద మనిషి అయిదేండ్లు బాయి నీళ్లమ్మిండని రేపు గదే మైకుల చెప్తరు."

"నేను చెప్ప."

"ఎవలికి?"

"ఎవలికీ చెప్ప."

"షంషక్కకు?"

ఖుతుబుద్దీన్‌కు పెళ్లయిన నలభై ఏళ్లలో షమ్షున్నీసాకు చెప్పని మాట ఏదీ గుర్తు రాలేదు. "ఆమెకు గూడ చెప్ప" అన్నాడు.

కాశీనాథం లేచి మూలన ఉన్న ఖాళీ డబ్బాలు పక్కకు జరిపాడు. వాటి కింద ఇనప రేకు, రేకు కింద చెక్కలు. మూడు చెక్కలు తీసేసరికి తడి రాతి వాసన షెడ్డంతా వచ్చింది. ఖుతుబుద్దీన్ వంగి చూశాడు. కింద వెలుతురు ముక్క, అందులో తన తల కనిపించాయి.

కాశీనాథం బకెట్ దించాడు. నిండిన బకెట్ సగం దూరం లాగి ఆగిపోయాడు. అరచెయ్యి పట్టు నిలవడం లేదు. కాంతమ్మ ముందుకు వచ్చి ఆయన చేతుల్లోంచి తాడు తీసుకుంది. దాన్ని ఖుతుబుద్దీన్ వైపు చాపింది.

"పట్టు భాయ్."

అతను పట్టలేదు. ముప్పై ఏళ్లు ఆ బావి నీళ్లతో వండాడు. తాడు ఒక్కసారీ ముట్టలేదు. చేతులు లుంగీకి తుడుచుకుని నిలబడ్డాడు.

"అత్త ఉన్ననాడు అత్త మాట నడిసింది" అంది కాంతమ్మ. "ఇయ్యాల నా మాట. బకీటు జారుతున్నది, పట్టు."

పట్టాడు. కొబ్బరి పీచు తాడు, తడికి బరువెక్కింది. గిరక కీచుమంది. ఇరవై రెండు బకెట్లు చేదాడు. పది డబ్బాలు నిండాయి. కాశీనాథం రేకు సర్దుతూ, "మాట యాదుంచుకో" అన్నాడు.

"ఉంచుకుంట."

పదింపావుకు ట్రాలీలో డబ్బాలు పొయ్యి దగ్గరికి చేరాయి. "యాడ దొరికినయి?" అని నర్సమ్మ అడిగింది. "కాశన్న ఇంట్ల ఉంటె తెచ్చిన" అన్నాడు ఖుతుబుద్దీన్. అది అబద్ధం కాదు. ఆమె అంతకుమించి అడగలేదు.

నానుతున్న ఇరవై కిలోల పప్పు కడిగి కొత్త నీళ్లు పోసి పొయ్యి ఎక్కించాడు. మొదటి గంజులో నీళ్లు వంచి అందులోనూ ఇవే పోశాడు. పదకొండున్నరకు ఒక బద్ద తీసి నర్సమ్మ చేతిలో పెట్టాడు. ఆమె నొక్కింది. వేళ్లకు అంటుకుంది. మొదటి గంజు ఇంకో అరగంట సతాయించి లొంగింది. చింతపులుసు, సొరకాయ ముక్కలు, ఉప్పు, కారం పడ్డాయి. పోపు పెట్టేసరికి పన్నెండూ నలభై.

ఒంటిగంటకు బగారన్నం మీద దాల్చా పడింది. పక్క వీధి వంట మాస్టర్ విస్తరి పట్టుకుని వచ్చాడు. తిన్నాడు. మళ్లీ విస్తరి చాపాడు. ఖుతుబుద్దీన్ రెండు గరిటెలు వేశాడు.

రోడ్డుకు ఒక పక్క మగవాళ్లు, ఒక పక్క ఆడవాళ్లు బంతులుగా కూర్చున్నారు. ఆడవాళ్ల బంతిలో కాశీనాథం బకెట్ పట్టుకుని దాల్చా వడ్డిస్తున్నాడు. చేతికి గుడ్డ చుట్టుకున్నాడు. బంతి చివర కూర్చున్న వాళ్లలో షమ్షున్నీసా ఉంది. ఆమెకు ఒక పక్క నర్సమ్మ, ఇంకో పక్క కాంతమ్మ కూర్చున్నారు.

షమ్షున్నీసా రెండు ముద్దలు తిని ఆగింది. మూడోసారి అన్నం కలపలేదు. ఒట్టి పప్పు వేలితో తీసి నాలుక మీద వేసుకుంది.

"నర్సవ్వా."

"ఏంది అక్కా?"

"గిది బాలవ్వ నీళ్లు."

నర్సమ్మ నవ్వింది. "బాయి పూడ్సి ఎనిమిదేండ్లాయె. నీకు ఎండ తల్గింది."

"పూడ్సిన్రో లేదో నాకెర్కలేదు. ముప్పై ఏండ్లు నేను వండిన పప్పు నాకెర్క." ఆమె గొంతు పెంచలేదు. చుట్టూ కూర్చున్న వాళ్లలో పెద్ద వయసు ఆడవాళ్లు నలుగురైదుగురు ఉన్నారు. ఒకామె విస్తరిలో వేలు పెట్టి నాకింది. తర్వాత ఇంకొకామె. షమ్షున్నీసా తల ఎత్తి భర్త కోసం చూసింది. "సునో జీ! గీ నీళ్లు యాడియి?"

ఖుతుబుద్దీన్ గంజు దగ్గర ఉన్నాడు. బంతికి పది అడుగుల దూరం. విన్నాడు. గరిటె తీసి గంజు అడుగున తిప్పాడు.

"చెవుడొచ్చిందా ఏంది?" అంది షమ్షున్నీసా.

కాశీనాథం బకెట్ పట్టుకుని బంతి దాటి అతని దగ్గరికి వచ్చాడు. మెల్లగా అడిగాడు.

"మూడు గంటలు ఆగలేకపోయినవా ఖుతుబూ?"

"నేను చెప్పలె కాశన్నా. అల్లా కసం. పొద్దుటి సంది ఆమెతోని ఒక్క మాట మాట్లాడలె."

"మరి ఆమెకు ఎవలు చెప్పిన్రు?"

"ఎవలు చెప్పాలె? నాలిక లేదా ఆమెకు?"

కాశీనాథం తల ఊపాడు. ఆ ఊపు నమ్మినట్టు లేదు. "మా అవ్వతోని నేనొక్క అబద్ధం ఆడిన, నీ కోసం" అన్నాడు. "నువ్వు నా కోసం ఒక్క పూట ఊకోలేకపోయినవ్."

ఖుతుబుద్దీన్ అతని మోచెయ్యి పట్టుకోబోయాడు. అప్పుడే వెనక ఆడవాళ్ల బంతిలోంచి కాంతమ్మ మాట వినిపించింది.

"అవ్ అక్కా. మా అత్త బాయి నీళ్లే. బాయి ఉన్నది. పూడ్సలె."

మైకు ఆ సమయానికి ఆగి ఉంది. మగవాళ్ల బంతి దాకా వినిపించింది.

కాశీనాథం దాల్చా బకెట్‌ను గంజు పక్కన దించాడు. చేతికి చుట్టుకున్న గుడ్డ విప్పి బకెట్ అంచుకు వేశాడు. ఇల్లు ఎడమ వైపు. ఆయన కుడి వైపు నడిచాడు. ఖుతుబుద్దీన్ "కాశన్నా" అని రెండుసార్లు పిలిచాడు. జనం అడ్డం వచ్చారు. వాళ్లను తప్పించుకుని మూల దాకా వెళ్లేసరికి ఆయన కనిపించలేదు. అప్పుడు టైము ఒకటీ యాభై.

షమ్షున్నీసా చెయ్యి కడుక్కుని అతని దగ్గరికి వచ్చింది. "నాతోని గూడ చెప్పద్దన్నడా?" అని అడిగింది. అతను తల ఊపాడు. "మరి జెప్పలేదు గద మీరు" అంది. "గా సంగతి ఆయనకు ఎవలు చెప్పాలె ఇప్పుడు?"

మూడింటికి కాశీనాథం ఫోను మోగింది. తీయలేదు. నాలుగింటికి స్విచాఫ్ అని వచ్చింది. దుకాణంలో లేడు. షెడ్డులో లేడు. కమిటీ టెంటు దగ్గరికి రాలేదు. రెండుంపావుకు విస్తరాకులు తేవడానికి బస్టాండు వైపు వెళ్లిన నర్సమ్మ, ఆయన ఒక ట్రాలీ ఆటో ఎక్కుతుంటే చూసింది. బస్సులు లేవు కాబట్టి ఆ ఆటోలో అప్పటికే పన్నెండు మంది ఉన్నారు. డ్రైవరు "కోహెడ, కోహెడ" అని అరుస్తున్నాడు.

సాయంత్రం ఆరింటికి ఖుతుబుద్దీన్ ఆ ఇంటికి వెళ్లి ఈ మాట కాంతమ్మకు చెప్పాడు.

"కోహెడల మాకు ఎవలూ లేరు భాయ్" అంది కాంతమ్మ.